రోలర్ స్కీలు: వైజాగ్ బీచ్ రోడ్డు మీద కొన్నేళ్లు వాడాక

ముందే చెప్పేస్తున్నా, వైజాగ్‌లో ఉంటూ రోలర్ స్కీలు కొనాలనుకునేవాళ్లు కాళ్లు తిన్నగా నడిచే క్లాసిక్ రకమే కొనండి, కాళ్లు పక్కలకి తోసే స్కేట్ రకం జోలికి పోకండి. నెట్‌లో దొరికే సమీక్షలు దాదాపు అన్నీ నార్వే, ఫిన్లాండ్ వైపు వాళ్లు రాసినవే. వాళ్లకి అడవి పక్కన ఖాళీ రోడ్లు, చల్లటి గాలి. మనకి ఉన్నది ఇసుక, ఉప్పుగాలి, ఆటోలు, అక్టోబరులో కూడా ఒళ్లంతా తడిపేసే ఉక్క. అందుకే ఇది రాస్తున్నా.

తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో: క్రాస్ కంట్రీ స్కీయింగ్ అంటే కొండ మీంచి కిందికి జారిపోవడం కాదు, చదునులోనూ ఎత్తులోనూ సొంత కాళ్లతో, చేతుల్లో ఉన్న రెండు పోల్స్‌తో, అంటే మొన ఉన్న పొడవాటి కర్రలతో, కిలోమీటర్ల కొద్దీ పోవడం. మంచు లేని రోజుల్లో దానికి బదులు వాడేదే రోలర్ స్కీ. అల్యూమినియం బద్ద, ముందొక చక్రం, వెనకొక చక్రం, మడమ పైకి లేచేలా బొటనవేలి దగ్గర మాత్రమే బిగిసే బూటు. మన దేశంలో ఉత్తరాఖండ్‌లోని ఔలీ, కశ్మీర్‌లోని గుల్మార్గ్‌లలో మంచు సీజన్ ముఖ్యంగా జనవరి నుంచి మార్చి వరకు, కాబట్టి అసలు కష్టమంతా వానలు తగ్గిన దగ్గర్నుంచి డిసెంబరు లోపే పడాలి. సముద్రం ఒడ్డున ఉండి మంచు ఆటేంటి అని నవ్వేవాళ్లకి నేను చెప్పే పేరు ఒకటుంది, కర్ణాటకలోని కొడగు నుంచి వచ్చిన భవాని తెక్కడ నంజుండ. ఆ అమ్మాయి ఈ ఆటలోనే దేశం తరఫున పోటీ పడింది. కొడగులో ఎక్కడ మంచు పడుతుందో చెప్పండి మరి.

స్కేట్ ఎందుకు వద్దంటున్నానంటే, ఆ పద్ధతిలో కాళ్లు రెండు పక్కలకీ తోసుకుంటూ పోవాలి, పోల్స్‌తో కలిపి చూస్తే సగం రోడ్డు మీకే కావాలి. పొద్దున్నే బండ్లని రానివ్వని వేళ ఆర్కే బీచ్ రోడ్డు ఎంత నిండుగా ఉంటుందో తెలిసిందే: నడిచేవాళ్లు, పరిగెత్తేవాళ్లు, సైకిళ్లు, బ్యాడ్మింటన్ ఆడేవాళ్లు. మధ్యలో స్కేట్ పద్ధతిలో పోతే ఎవరో ఒకరి పిక్కకి పోల్ తగలడం ఖాయం. క్లాసిక్‌లో కాళ్లు తిన్నగా ఒకే గీతలో నడుస్తాయి, మనిషి వెడల్పు చాలు. పైగా దాని చక్రాలు అయిదు సెంటీమీటర్ల దాకా వెడల్పుంటాయి, చిన్న చిన్న గులకరాళ్ల మీద భయం లేదు. ఒక చక్రంలో వెనక్కి తిరగకుండా ఆపే రాచెట్ ఉంటుంది, సైకిల్ ఫ్రీవీల్ లాగా, అందువల్ల ఎత్తు ఎక్కేటప్పుడు వెనక్కి జారదు.

చక్రాలకి నంబర్లుంటాయి. ఒకటి వేగంగా పోతుంది, రెండు మధ్యరకం, మూడు, నాలుగు బరువుగా కదులుతాయి. కళ్లు మూసుకుని రెండో నంబరు తీసుకోండి, ఒకటో నంబరు పోటీలకి. బ్రేకు మాత్రం ఉండదు. మళ్లీ చెప్తున్నా, మామూలు రోలర్ స్కీకి బ్రేకు ఉండదు. కాళ్లు వెడల్పు చేసి మడమలు బయటికి నొక్కితే మెల్లగా తగ్గుతుంది, లేదంటే పక్కనున్న గడ్డిలోకి అడుగేయాలి. అందుకని నాకో నియమం ఉంది: కైలాసగిరి ఘాట్ రోడ్డు ఎక్కుతాను, దిగను. పైన స్కీలు విప్పేసి, మా తమ్ముడి స్కూటీ వెనక కూర్చుని వస్తాను. వాడు ప్రతిసారీ పెట్రోలు లెక్క చెబుతాడు, అది వేరే సంగతి.

ఇక ఉప్పు. దీని గురించి ఎవరూ రాయరు. నాకు కంపెనీ నుంచి వచ్చిన బేరింగులు మొదటి వానాకాలం అయ్యేసరికి గరగరలాడాయి, తర్వాత ఒక రాచెట్ చక్రం ముందుకీ వెనక్కీ కూడా కదలకుండా బిగుసుకుపోయింది. కంపెనీకి ఫొటోలతో సహా మెయిల్ పెడితే సముద్రం దగ్గర వాడితే వారంటీ వర్తించదన్నారు. సరే అని ఆటోనగర్‌లో బేరింగుల కొట్టుకి పట్టుకెళ్లా. ఆయన చక్రాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విని, "ఏటమ్మా ఇది, చిన్నపిల్లల బండిదా?" అని అడిగి, అదే కొలతలో రెండు పక్కలా రబ్బరు మూత ఉన్నవి తీసిచ్చాడు. అప్పట్నుంచి పేచీ లేదు. రాచెట్ ఉన్న చక్రం మాత్రం ఇక్కడ దొరకదు, స్కీలు తెప్పించుకునేటప్పుడే అదనంగా ఒక జత తెప్పించుకోండి. స్కీల జత ధర యూరప్‌లో 250 నుంచి 400 యూరోల మధ్య ఉంటుంది, బూట్లు, వాటిని స్కీకి బిగించే బైండింగులు, పోల్స్, కస్టమ్స్ అన్నీ కలిస్తే గుండె గుభేల్‌మంటుంది కాబట్టి ఒకేసారి తెప్పించుకోవడం మేలు. వాడిన ప్రతిరోజూ తడిగుడ్డతో తుడవాలి, పైపుతో నీళ్లు కొట్టకూడదు. ఎడమ స్కీ చక్రాలు కుడికి, కుడివి ఎడమకి మారుస్తుంటే సమంగా అరుగుతాయి.

పోల్స్ విషయంలో, మంచుకి వాడే మొన తారు మీద పనికిరాదు, బాగా గట్టిగా ఉండే కార్బైడ్ మొన వేయించాలి. అదీ మొద్దుబారిపోతుంది, డైమండ్ ఆకురాయితో పదును పెట్టుకోవాలి. మొన జారిందంటే మోచెయ్యి కొట్టుకోవడం తప్పదు. పొడవు క్లాసిక్‌కి బూట్లతో కలిపి ఒంటి ఎత్తులో 83 శాతం లెక్క, పోటీల నిబంధనలో గరిష్ఠం కూడా అంతే. బూట్లు లేకుండా నా ఎత్తు 165 సెంటీమీటర్లు, 137.5 వాడుతున్నాను. తారు మీద పోల్ దెబ్బ మోచేతిలోకి నేరుగా తగులుతుంది, మంచులో ఆ బాధ లేదు. అందుకే వరసగా రెండు రోజులు కాళ్లు ఆపి చేతులతోనే తోసే డబుల్ పోలింగ్ చేయను. మధ్య రోజు తడి ఇసుకలో పరుగు, లేదంటే రుషికొండ దగ్గర ఎత్తులో స్కీలు లేకుండా పోల్స్‌తో గెంతుతూ ఎక్కడం. వీధికుక్కలకి పోల్స్ చప్పుడు అస్సలు పడదు. అవి కనబడగానే పోల్స్ చంకలో పెట్టుకుని నిదానంగా పొండి, అరిచి ఊరుకుంటాయి.

నిజానికి ఈ సామాను కంటే నన్ను ఇన్నేళ్లు ఆ రోడ్డు మీదకి లాగింది అక్కడి జనమే. చీకట్లో ఒక్కదాన్నే ఎప్పుడూ వెళ్లలేదు. షిప్‌యార్డ్‌లో రిటైరైన ఒకాయన ఉన్నారు, అందరికీ బాబాయే, నాకంటే ముందు నడుస్తూ "జరగండమ్మా జరగండి, రైలొస్తోంది!" అని అరుస్తారు. నేవీ మారథాన్‌కి తయారయ్యే బ్యాచ్ సెప్టెంబరు నుంచే మొదలుపెడుతుంది, వాళ్ల పరుగుకీ నా డబుల్ పోలింగ్‌కీ వేగం సరిగ్గా కుదురుతుంది, మాట్లాడుకుంటూ పోవచ్చు. శిక్షణలో ఎక్కువ భాగం అలా మాట్లాడగలిగే వేగంలోనే చేయాలి కూడా, ఏడాదికి 800 గంటలు దాటించే నార్వే ఆటగాళ్లు కూడా ఎక్కువగా నెమ్మదిగానే చేస్తారు. తర్వాత బండి దగ్గర చోడి అంబలి, ఉల్లిపాయ, మజ్జిగ మిరపకాయ. దసరా వారం సగం మంది ఊళ్లకి పోతారు. కార్తీక సోమవారాలు నేనే బీచ్‌కి పోను, స్నానాలకి, దీపాలకి వచ్చే జనం మధ్య పోల్స్‌తో తిరగడం పద్ధతి కాదు. ఆ రోజుల్లో యూనివర్సిటీ రోడ్లే గతి. వనభోజనాలకి మాత్రం బ్యాచ్ అంతా కలిసి వెళ్తాం, నా వాటా ఎప్పుడూ పులిహోరే.

ఈ ఊళ్లో స్కేటింగ్ పిచ్చి పాతదే, వుడా పార్కు రింక్‌లో ఆడి పెరిగిన పిల్లలు బోలెడంతమంది. వాళ్లలో ఒక పదిహేనేళ్ల పిల్ల రెండు జతల సాక్సులు వేసుకుని నా బూట్లు తొడుక్కుంది. ముందు వాళ్లమ్మకి టెన్షన్. ఆ పిల్ల రెండు అడుగులు తడబడి, మూడోది ఒంటికాలి మీద అంత దూరం జారి, వెనక్కి తిరిగి "అక్కా, దీనికి బ్రేక్ ఏది?" అంది. నాకు ఆ బ్యాలెన్స్ రావడానికి ఒక సీజన్ పట్టింది. కొంచెం కుళ్లుకున్నా.

మంచు మీదకి వెళ్లాక ఏం పనికొచ్చింది? ఊపిరి, భుజాలు, పొట్ట కండరాలు, ఇవన్నీ పనికొచ్చాయి, ఔలీలో పక్కవాళ్లు ఆయాసపడుతుంటే నేను బాగానే లాగాను. పనికిరానిది కాలి తోపు. రాచెట్ చక్రం ఎప్పుడు తొక్కినా పట్టుకుంటుంది, ఆలస్యంగా తొక్కినా, సగం బరువు వేసినా. అసలు స్కీ మధ్యలో విల్లులా లేచి ఉంటుంది, సరైన క్షణంలో ఒంటి బరువంతా ఒకే కాలి మీద వేస్తేనే దాని కిందున్న మైనం మంచుకి అతుక్కుంటుంది, లేకపోతే కాలు వెనక్కి తన్నుకుపోతుంది. రోలర్ స్కీలు ఈ బద్ధకాన్ని నేర్పుతాయి, ఎంత ఖరీదైనవి కొన్నా నేర్పుతాయి. అందుకే నవంబరు నుంచి వారంలో సగం రోజులు వాటిని ఇంట్లో పెట్టేసి, ఉత్తి బూట్లతో ఎత్తులో తోపు సాధన చేస్తాను. సీజన్‌కి నెల ముందు కొనుక్కుని మంచు మీద మెరిసిపోదామనుకునేవాళ్లకి ఇవి దండగ. ఏడాదంతా దమ్ము నిలుపుకోవాలనుకునేవాళ్లకి ఇంతకంటే మంచి సాధనం నాకు కనబడలేదు, అయిదుకి నాలుగు ఇస్తాను, పోయిన ఒకటీ ఉప్పుదీ ఆ వారంటీ జవాబుదీ.

కొనేముందు ఒకసారి తొక్కి చూడాలనుకుంటే ఆదివారం పొద్దున సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గరికి రండి, కోస్టల్ బ్యాటరీ వైపు నుంచి టక్‌టక్‌మని వినబడితే నేనే. నా బూట్లు 40 సైజు, ఇంచుమించు ఆ కొలతవాళ్లయితే సరిపోతాయి. హెల్మెట్, మోకాళ్ల ప్యాడ్లు మాత్రం మీవి మీరే తెచ్చుకోండి.