కుక్క వైపు నుంచి చూస్తే: మా చుక్క ఎక్కే సైకిల్ ట్రైలర్

కుక్కని కూర్చోబెట్టి సైకిల్ వెనక లాగే ట్రైలర్ల గురించి చదివినప్పుడల్లా తొక్కేవాళ్ల సౌకర్యమే కనిపిస్తుంది. ఎంత బరువు మోస్తుంది, ఎంత తొందరగా మడవొచ్చు, వెనక కట్టుకుంటే ఎలా ఉంటుంది. ఇవన్నీ కావలసినవే. కానీ రోజుకు నాలుగైదు గంటలు అందులో పడుకోవలసింది కుక్క. అందుకే నేను వాడుతున్న ఈ రెండు చక్రాల ట్రైలర్‌కి మా చుక్క లెక్కన మార్కులు వేస్తున్నాను. చుక్క 18 కిలోలుంటుంది, పొట్టి బొచ్చు, పొడుగు కాళ్లు, కుదురు తక్కువ.

ముందు అడుగుభాగం సంగతి, ఎందుకంటే నా పెద్ద ఫిర్యాదు అక్కడే. చట్రం గొట్టాల మధ్య బిగించిన గుడ్డే దీని నేల. కుక్క నిలబడగానే మధ్యలో కుంగుతుంది. పాదాలకి పట్టు దొరక్క చుక్క కాళ్లు బిగబట్టుకుని నిలబడేది, సాయంత్రానికి రోజంతా పరిగెత్తినట్టు అలిసిపోయేది. కొలత ప్రకారం ప్లైవుడ్ ముక్క కోయించి, పైన జారని రబ్బరు చాప అంటించాక పడుకోవడం మొదలుపెట్టింది. ఇంత చిన్న పని తయారీదారులే చేసి ఇవ్వాలి.

సస్పెన్షన్ ఉంది, పనిచేస్తుంది కూడా. కాకపోతే స్ప్రింగులు నిండు బరువుకి సరిపడేలా గట్టిగా ఉన్నాయి. చుక్కలాంటి మధ్యస్థం కుక్క కూర్చుంటే సగమే కదులుతాయి. మిగతా కుదుపుని టైర్లే తీసుకోవాలి. టైరు పక్కన అచ్చువేసిన కనిష్ఠ, గరిష్ఠ అంకెలు చూసి గాలిని కనిష్ఠానికి దగ్గరగా పెడతాను. గాలి ఎక్కువైతే ఖాళీ ట్రైలర్ గుంతల్లో ఎలా ఎగురుతుందో ఒకసారి వెనక్కి తిరిగి చూడండి, మీకే తెలుస్తుంది. చక్రాలు 20 అంగుళాలవి. 16 అంగుళాల వాటికన్నా ఇవి గుంతల్ని తేలిగ్గా దాటతాయి.

హిచ్, అంటే ట్రైలర్‌ని సైకిల్‌కి తగిలించే కొక్కెం, మాత్రం నాకు బాగా నచ్చింది. సైకిల్ వెనక యాక్సిల్ (ఇరుసు) ఎడమ కొసకి తగులుకుంటుంది, అన్ని వైపులా తిరుగుతుంది. సైకిల్ పక్కకి పడిపోయినా ట్రైలర్ నిలబడే ఉంటుంది. కొనే ముందే నేను పరీక్షించింది ఇదే. తోడుగా చైన్‌స్టే (పెడళ్ల దగ్గర్నుంచి వెనక ఇరుసు దాకా వెళ్లే చట్రం గొట్టం) చుట్టూ తిప్పి బిగించే పట్టీ ఉంది, దాన్ని ఎప్పుడూ వదలొద్దు. మీ సైకిల్‌కి త్రూ యాక్సిల్ (చట్రంలోంచి దూర్చి మరతో బిగించే ఇరుసు) ఉంటే పొడవూ మరచుట్లూ కుదిరే వేరే యాక్సిల్ కావాలి. అది చూసుకోకుండా ట్రైలర్ తెప్పించుకోకండి.

ఇక బరువు ఎక్కడ ఉండాలన్నది. కుక్క వెనక మూలకి చేరితే ట్రైలర్ ముందుభాగం పైకి లేస్తుంది, దిగుడులో దాని వెనకభాగం పక్కలకి ఊగుతుంది. నీళ్లూ తిండీ ఇరుసుకి ముందు సర్దుతాను. లోపలి పట్టీని చుక్క హార్నెస్‌కి (ఛాతీ చుట్టూ కట్టే పట్టీలకి) తగిలిస్తాను, మెడపట్టీకి ఎన్నటికీ కాదు. గట్టిగా బ్రేకు వేస్తే ఆ లాగుడంతా మెడ మీదే పడుతుంది. పట్టీ పొడవు అది తిరిగి పడుకోవడానికి చాలాలి, బయటికి దూకడానికి చాలకూడదు.

అన్నిటికన్నా నేను ఎక్కువ చూసేది గాలి. కుక్కలు మనలా ఒళ్లంతా చెమట పట్టించి చల్లబడవు, వగర్చే చల్లబడతాయి. వాటి మామూలు ఒంటివేడి సుమారు 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. 41 దాటితే ప్రాణం మీదికి వస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు గంటకి ఆరు కిలోమీటర్ల వేగంతో పాకుతుంటే లోపలికి గాలి దాదాపు ఆడదు, మన శ్రద్ధేమో పెడళ్ల మీద ఉంటుంది. ఈ ట్రైలర్‌కి ముందూ పక్కలా వల ఉంది, పైన నీడ ఉంది, వానకవరు వేసినా వెనక కిటికీ తెరిచే ఉంటుంది. ఈ విషయంలో నిండు మార్కులు. అయినా వాన ఆగి ఎండ వచ్చిన మరుక్షణం ఆ ప్లాస్టిక్ కవరు తీసేయాలి. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలతో వేడి రోజుల్లో దూర ప్రయాణం నేను వద్దనే అంటాను, ట్రైలర్ ఎంత మంచిదైనా సరే.

మరో మాట. సైకిల్ వెనక చక్రం చిమ్మే ఇసుకా నీళ్లూ నేరుగా కుక్క మొహం మీదికే వెళ్తాయి. పూర్తి మడ్‌గార్డ్, దాని కింద వేలాడే రబ్బరు ముక్క తప్పనిసరి.

అదే ఇసుక వెనక తలుపు జిప్పులో దూరి బిగుసుకుంటుంది. పళ్లు మరీ సన్నం. పాత టూత్‌బ్రష్‌తో దులిపి కొవ్వొత్తి రుద్దుతుంటాను. బకిల్స్ పెట్టి ఉంటే ఈ తంటా ఉండేది కాదు.

పొద్దున చల్లగా ఉన్నప్పుడు చుక్క కాసేపు పక్కనే పరిగెడుతుంది. వేడికి చేతి వెనకభాగం రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించలేకపోతే మాత్రం చుక్కని దింపను. ఎముకలు ఇంకా ఎదుగుతున్న కుక్కపిల్లల్ని సైకిల్ పక్కన పరిగెత్తించకండి. పెద్ద జాతులకి ఆ ఎదుగుదల ఏడాదిన్నర వరకూ సాగుతుంది.

తొక్కేవాళ్ల సంగతి క్లుప్తంగా: ట్రైలర్, కుక్క, దాని సామాను కలిస్తే 30 కిలోలు దాటుతుంది, ట్రైలర్‌కి బ్రేకులు ఉండవు. చిన్న గేర్లు కావాలి, ముందున్న బండికి దూరంగా ఉండాలి, పొడుగాటి దిగుళ్లలో మధ్యమధ్య ఆగి బ్రేకులు చల్లారనివ్వాలి.

మళ్లీ కొనాల్సి వస్తే ఇదే కొంటాను, ప్లైవుడ్ ముక్క మొదటి రోజే వేయిస్తాను. మీరు కొనేముందు మీ కుక్క కాళ్లు చాపి పడుకున్నప్పుడు ముక్కు నుంచి తోక మొదలు దాకా కొలిచి, ట్రైలర్ లోపలి పొడవుతో పోల్చుకోండి. దారిలో ట్రైలర్ చక్రానికి సరిపోయే ట్యూబు విడిగా పెట్టుకోండి, సైకిల్ ట్యూబు దానికి పట్టదు.