రేగడి నేల మీద ప్లాస్టిక్ గడ్డి వేయిస్తున్నారా? అడ్వాన్స్ ఇచ్చే ముందు జాగ్రత్త

గుంటూరులోనైనా, ఇటు విజయవాడ పోరంకి, కానూరు వైపైనా ఇంటి ముందు జాగాలో ఆర్టిఫిషియల్ గడ్డి వేయించాలనుకునేవాళ్లకు ఈ హెచ్చరిక. "ఒక్క పూటలో పరిచేస్తాం, అడుగుకి ఇంత" అనే కాంట్రాక్టరుకి పని అప్పజెప్పకండి. మన దగ్గర ముందు పాడయ్యేది గడ్డి కాదు, దాని కింద నేల. ఒక్క పూటలో పరిచేవాడు ఆ నేల జోలికే పోడు.

జరిగేది ఇది. మే నెలలో వచ్చి, పైపైన చెక్కి, నాలుగు తట్టల ఇసుక చల్లి, రోలు విప్పి మేకులు కొట్టి వెళ్లిపోతారు. ఆ రోజుకి తివాచీ పరిచినట్టే ఉంటుంది. కానీ రేగడి ఎండితే ముడుచుకుని నెర్రెలిస్తుంది, తడిస్తే ఉబ్బుతుంది. చల్లిన ఇసుక తొలకరికే నెర్రెల్లోకి జారిపోతుంది. ఆ తర్వాత మట్టి ఒకచోట ఉబ్బి, ఒకచోట దిగి, పైన గడ్డి అలలు తేలుతుంది. వానాకాలంలో అలాంటి గడ్డి అంచు పట్టుకుని లేపి చూడండి. అడుగున రబ్బరు పూతకి నల్లటి బంక అంటుకుని ఉంటుంది, నీళ్లు దిగాల్సిన చిల్లులన్నీ పూడిపోయి ఉంటాయి, మురుగు వాసన గుప్పుమంటుంది. మేకుని రెండు వేళ్లతో లాగితే ఊడి చేతిలోకి వస్తుంది.

సరైన పని ఎలా ఉంటుందో 12 అడుగులు బై 20 అడుగుల జాగాకి చెబుతాను. ఆరంగుళాల లోతు తవ్వాలి. 120 ఘనపుటడుగుల మట్టి లేస్తుంది, దాన్ని బయటికి తోలించడం కూడా కొటేషన్‌లో ఉండాలి. అడుగున నీటిని దిగనిచ్చి మట్టిని ఆపే 150 నుంచి 200 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాముల బరువు) జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచి, గోడల వైపు కాస్త పైకి మడవాలి. ఈ గుడ్డ లేకపోతే కంకర రేగడిలోకి దిగిపోతుంది, రేగడి కంకరలోకి ఎక్కుతుంది. దాని మీద 20 ఎంఎం, 12 ఎంఎం కలిపిన కంకర ఒక యూనిట్, అంటే 100 ఘనపుటడుగులు. రెండేసి అంగుళాల వరసలుగా పోస్తూ ప్రతి వరసనీ అదిరే పలక ఉన్న యంత్రం, అంటే ప్లేట్ కాంపాక్టర్‌తో కొట్టిస్తే నాలుగంగుళాల మందం నిలుస్తుంది. దిమ్మిసతో చేత్తో కొడితే ఈ మందానికి చాలదు. పైన 6 ఎంఎం చిప్స్, క్రషర్ డస్ట్ (రాతి పొడి) కలిపి అంగుళం. చౌకగా వస్తుందని ఎర్ర గ్రావెల్ పోయనివ్వకండి, అందులో మట్టి ఉంటుంది, నీరు దిగదు.

ఇంత చేసినా చాలామంది మర్చిపోయేది ఒకటుంది. రేగడిలో గొయ్యి తీసి కంకర నింపితే అది బాణలి లాంటిదే. నీరు కంకరలోకి దిగుతుంది, కింద బంకమట్టి పీల్చుకోదు, అక్కడే నిలుస్తుంది. అందుకని వాలు పైన గడ్డికే కాదు, తవ్విన మట్టికే ఇవ్వాలి. పదడుగులకి అంగుళంన్నర చాలు. పల్లపు అంచున చిల్లుల పీవీసీ పైపు, మూడంగుళాలది, జియోటెక్స్‌టైల్ చుట్టి పెట్టి, కాంపౌండు బయట కాల్వలోకి దారి తీయాలి. కాల్వ మట్టం పైపు కంటే ఎత్తుగా ఉంటే పని మొదలుపెట్టకముందే తేల్చుకోండి. కొందరు గుడ్డ బదులు పాలిథిన్ పట్టా పరిచి "కలుపు రాదు" అంటారు. నీరు కూడా పోదు.

రోహిణి కార్తెలో ఈ పని పెట్టుకోకపోవడం మంచిది. నవంబరు, ఫిబ్రవరి మధ్య నేలలో తేమ ఓ మాదిరిగా ఉంటుంది, అప్పుడు వేసిన బేస్ (గడ్డి కింది కంకర పరుపు) తక్కువ కదులుతుంది. ఎండల్లోనే తప్పదంటే, తవ్విన గోతిని రెండు మూడు రోజులు కొద్దికొద్దిగా తడిపి, నెర్రెలు మూసుకున్నాక, మట్టి కాలికి అంటనంత ఆరాక కొట్టించండి.

గడ్డి రోలు వెడల్పు సాధారణంగా రెండు మీటర్లు, ఆరున్నర అడుగులు అనుకోండి. పొడవునా పరిస్తే రెండు ముక్కలు, ఒక అతుకు, 260 చదరపు అడుగుల బిల్లు. అడ్డంగా పరిస్తే మూడు ముక్కలకి ఇంకో అర అడుగు తక్కువ పడి నాలుగో ముక్క కోస్తారు. మూడు అతుకులు, 312 చదరపు అడుగులు. ఎలా పరుస్తారో ముందే కాగితం మీద గీయించుకోండి. అతుకు కింద అడుగు వెడల్పు సీమింగ్ టేపు, రెండు డబ్బాలు కలిపే పీయూ (పాలియురెథేన్) జిగురు వాడాలి. మామూలు రబ్బరు జిగురు మన ఎండకి మెత్తబడి విచ్చుకుంటుంది. మిట్టమధ్యాహ్నం కొలిచి కోసినా అంతే, వేడికి సాగిన ముక్క రాత్రికి ముడుచుకుని సందు పడుతుంది.

35 ఎంఎం ఎత్తు గడ్డికి పోగుల మధ్య చల్లే సిలికా ఇసుక చదరపు మీటరుకి 6 నుంచి 8 కేజీలు, ఈ జాగాకి సుమారు 135 నుంచి 180 కేజీలు పడుతుంది. దాని బరువుకే గడ్డి ముడతలు పడకుండా ఉంటుంది. కృష్ణ ఇసుక వాడతామంటే ఒప్పుకోకండి, అందులోని ఒండ్రు చిల్లుల్ని పూడ్చేస్తుంది.

ఎండ సంగతి అమ్మేవాళ్లు దాచిపెడతారు. మే మధ్యాహ్నం ఈ గడ్డి 60 డిగ్రీలు దాటి కాలుతుంది, పసిపిల్లల పాదాలు, కుక్కల పాదాలు బొబ్బలెక్కుతాయి. నీళ్లు కొడితే కాసేపే చల్లదనం. పడమటి ఎండ నేరుగా పడే జాగాలో, నీడ లేకపోతే, దీన్ని వేయించవద్దనే చెబుతాను. ఇసుక బదులు కొందరు చల్లే నల్ల రబ్బరు గుండ్లు మాత్రం అసలు చల్లించకండి.

డబ్బు విడతలుగా ఇవ్వండి. గడ్డి పరిచే ముందు బేస్ ఎత్తు అంచున అరగంట గొట్టంతో నీళ్లు వదలండి. ఎక్కడా మడుగు కట్టకుండా పల్లంలో పైపు నుంచి నీరు బయటికి వస్తేనే రెండో విడత. ప్రతి వరసకీ కొలత టేపు పెట్టి ఫొటో తీసుకోండి, ఎందుకంటే వారంటీ కాగితం సాధారణంగా గడ్డి రంగుకీ పోగులకీ ఉంటుంది, నేల దిగితే వర్తించదు. సెప్టిక్ ట్యాంకు, డ్రైనేజీ చాంబర్ మూతల దగ్గర గడ్డిని అతికించకుండా విడిగా లేచే ముక్కగా కోయించండి.