సాంతో స్తెఫానో ది సెస్సానియో: మెడిచీల ఉన్ని ఊరు

ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో, ఒకప్పుడు ఆ నగరాన్ని ఏలిన మెడిచీ వంశంవారి భవనాలను చూసి ముగ్ధులైనవారు, ఆ వంశానికి ఉన్నిని సమకూర్చిన మారుమూల కొండ ఊళ్ళలో ఒకదాన్నైనా చూసి తీరాలని నా అభిప్రాయం. మధ్య ఇటలీలోని అబ్రుజ్జో ప్రాంతంలో, గ్రాన్ సాస్సో పర్వతాల దక్షిణపు వాలున, సుమారు 1,250 మీటర్ల ఎత్తున ఉన్న సాంతో స్తెఫానో ది సెస్సానియోలో ఏడాది పొడవునా కాపురముండేవారు వంద మందికి కాస్త అటూ ఇటూ మాత్రమే. అయినా ఊరి ద్వారం మీద ఆరు గుండ్ల మెడిచీ రాజచిహ్నం నేటికీ స్పష్టంగా కనిపిస్తుంది.

ఈ ఊరు, చుట్టుపక్కల గ్రామాలు కలిసిన కరపెల్లె జమీ 15వ శతాబ్దంలో పిక్కొలోమిని వంశం చేతికి వచ్చింది. రెండవ పయస్ పోపు పుట్టిన వంశమది. 1579లో కోస్తాంజా పిక్కొలోమిని ఈ జమీని టస్కనీ గ్రాండ్ డ్యూక్ మొదటి ఫ్రాంచెస్కో మెడిచీకి అమ్మివేసింది. ఇక్కడి గొర్రెల ముతక నల్ల ఉన్ని సన్యాసుల అంగీలకూ, సైనికుల దుస్తులకూ పనికివచ్చేది కాబట్టి, ఆ వ్యాపారం కోసమే ఇంత దూరపు కొండలను వారు కొన్నారు. చలికాలంలో మందలు దక్షిణాన ఉన్న పూలియా మైదానాలకు దిగేవి, వేసవికి తిరిగి పచ్చిక కొండలెక్కేవి. 1743లో మెడిచీల చివరి వారసురాలు మరణించేవరకు వారి పాలన సాగింది. గొర్రెల కాపరుల ఊరిలో జంట కిటికీలు, చెక్కిన రాతి ద్వారబంధాలు, కమానుల వసారాలు ఎందుకున్నాయో ఈ చరిత్ర తెలిస్తేనే అర్థమవుతుంది.

ఊరి నడిమి గుండ్రటి బురుజు 2009 ఏప్రిల్ 6 నాటి లాక్విలా భూకంపంలో కూలిపోగా, దానిని రాతితోనే తిరిగి నిలబెట్టారు. కొత్త రాళ్ళ రంగు పాతవాటి కంటే లేతగా ఉన్నా, బురుజు లేని ఊరి ఫొటోలను చూసిన నాకు అది లోపంగా తోచలేదు.

బస విషయం కొంత వివరంగా చెప్పాలి. వలసలతో పాడుబడిన ఇళ్ళను డానియేలె కిల్‌గ్రెన్ అనే వ్యాపారవేత్త కొని, కొత్త కట్టడాలేవీ లేకుండా, సెక్స్తాంతియో పేరుతో ఊరంతా పరుచుకున్న హోటల్‌గా మార్చారు. ఒక్కో గది ఒక్కో వీధిలో ఉంటుంది. పొగచూరిన గోడలకు సున్నం కొట్టకుండా అలాగే ఉంచి, పాత చెక్క మంచాల మీద చేతిమగ్గపు ఉన్ని దుప్పట్లు పరిచి, నేల కింద మాత్రం వెచ్చదనం ఇచ్చే గొట్టాలు అమర్చారు. ధర ఎక్కువే, కానీ ఒక్క రాత్రికైనా అది తగిన ఖర్చని నేను భావిస్తాను. పొదుపు ముఖ్యమైనవారికి ఊరిలోనే సాధారణ అద్దె గదులు దొరుకుతాయి. పెద్దవారితో వెళ్తే మాత్రం గది ఏ వీధిలో ఉందో, ఎన్ని మెట్లున్నాయో ముందే అడిగి తెలుసుకోవడం మంచిది, ఎందుకంటే రాతి మెట్ల సందుల్లోకి కారు రాదు.

శాకాహారులకు ఇక్కడి పప్పు పెద్ద ఊరట. వెయ్యి మీటర్ల పైన పండే ఈ చిన్న ముదురు గోధుమరంగు గింజలు మన పొట్టు తీయని మసూర్‌కు దగ్గరి చుట్టాలు. నానబెట్టనక్కరలేకుండానే ఉడుకుతాయి. వెల్లుల్లి, బిర్యానీ ఆకు వేసి ఉడికించి, పైన ఆలివ్ నూనె పోసి, కాల్చిన రొట్టెతో ఇస్తారు. మాంసాహారులు బొగ్గుల మీద కాల్చిన గొర్రె మాంసపు పుల్లలు, అంటే అరోస్తిచీని, తప్పక తినాలి.

దగ్గరలోని రొక్కా కలాషో కోటకు నడకదారి ఉంది. 1,460 మీటర్ల ఎత్తున, నాలుగు మూలలా గుండ్రటి బురుజులతో నిలిచిన ఆ శిథిలం కూడా పిక్కొలోమినిల ఏలుబడిలోనిదే. ఎండ ముదరక ముందే ఎక్కడం మేలు, దారిలో నీడ లేదు.

బస్సులు తక్కువ కాబట్టి రోమ్‌లోనో లాక్విలాలోనో కారు అద్దెకు తీసుకోవాలి. శీతాకాలంలో మంచు పడుతుంది, చాలా తలుపులు మూసి ఉంటాయి. సెప్టెంబరు మొదట్లో జరిగే పప్పు పండుగకు జనం ఎక్కువ వస్తారు గనుక, గదిని చాలా ముందుగా ఖాయం చేసుకోవాలి. నన్నడిగితే జూన్ నెలకే ఓటు వేస్తాను.