సంఘటనల సంచిత లెక్కకు ఆర్, జీజీప్లాట్2: చాలాకాలం వాడాక

యంత్రాల బ్రేక్‌డౌన్ లాగ్‌లు చూడటం నా పని. ఏ యంత్రం ఏ తేదీన ఆగిందో రాసున్న పట్టిక ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ ఒక్కో యంత్రం మొత్తం ఎన్నిసార్లు ఆగిందో, అంటే దాని సంచిత లెక్క ఎంతకు చేరిందో గ్రాఫ్‌లో చూపించాలి. ఇందుకు కొన్నేళ్లుగా గణాంకాల పనికి వాడే ఆర్ ప్రోగ్రామింగ్ భాషనే, అందులో గ్రాఫ్‌లు గీసే జీజీప్లాట్2 ప్యాకేజీనే వాడుతున్నాను. మార్చాలని ఎప్పుడూ అనిపించలేదు.

ఒక్కో వరుస ఒక్కో బ్రేక్‌డౌన్ అయితే పని చాలా తేలిక. యంత్రాల వారీగా విడగొట్టి, తేదీ ప్రకారం సర్ది, వరుస సంఖ్య వేస్తే అదే సంచిత లెక్క. దాన్ని జీజీప్లాట్2లోని జియోమ్ స్టెప్ అనే ఫంక్షన్‌కి ఇస్తే మెట్లుమెట్లుగా గీత వస్తుంది. బిందువులను నేరుగా కలిపే జియోమ్ లైన్ వద్దు. అది రెండు బ్రేక్‌డౌన్ల మధ్య ఏటవాలుగా ఎక్కి, అసలేమీ జరగని రోజుల్లో కూడా ఏదో కొంచెం కొంచెంగా జరుగుతున్నట్టు చూపిస్తుంది. మెట్ల గీతలో ఏమీ జరగనన్నాళ్లు అడ్డంగా, జరిగిన రోజున నిలువుగా ఉంటుంది. నెలంతా బాగా నడిచి ఒక్క వారంలో వరసగా ఆగిపోయిన యంత్రం చూడగానే దొరికిపోతుంది. ఈ గీత ఎలాగూ కిందికి దిగదు కాబట్టి నేను ఎత్తు కంటే వాలునే ఎక్కువ చూస్తాను.

ఒక్క లైను కోడ్‌తో అయిపోతుందని చాలామంది జీజీప్లాట్2లోనే ఉన్న స్టాట్ ఈసీడీఎఫ్ అనే ఫంక్షన్ దగ్గరికి వెళ్తారు. అదిచ్చేది లెక్క కాదు, నిష్పత్తి. 40 సార్లు ఆగిన యంత్రమైనా, 4 సార్లు ఆగినదైనా చివరికి 1 దగ్గరికే చేరతాయి. ఏది ఎక్కువ ఇబ్బంది పెట్టిందో ఆ గ్రాఫ్ చెప్పదు.

జీజీప్లాట్2లో నాకు నచ్చనిదల్లా తప్పు లెక్కను కూడా నోరెత్తకుండా గీసేయడం. రోజువారీ లెక్కల మీద కమ్‌సమ్ (వరసగా కూడుకుంటూ పోయే ఫంక్షన్) వాడుతూ, యంత్రాల వారీగా విడగొట్టే గ్రూప్ బై వదిలేస్తే, మొదటి యంత్రం లెక్క ఆగిన చోటు నుంచి రెండోది మొదలవుతుంది. గ్రాఫ్ మాత్రం చక్కగానే కనిపిస్తుంది. తేదీలను డేట్‌గా మార్చకుండా అక్షరాలుగా ఉంచితే 10వ తేదీ 2వ తేదీ కంటే ముందుకొస్తుంది. రోజువారీ లెక్కల మధ్యలో ఒక్క ఎన్ఏ (విలువ లేని ఖాళీ గడి) ఉంటే కమ్‌సమ్‌లో అక్కణ్నుంచి చివరిదాకా అన్నీ ఎన్ఏలే, కానీ అప్పుడు కనీసం గీత తెగిపోయి మనకు తెలుస్తుంది.

గీత చివరి బ్రేక్‌డౌన్ దగ్గరే ఆగిపోవడం ఇంకో చిక్కు. తర్వాత రెండు నెలలు యంత్రం హాయిగా నడిచిందన్న మంచి వార్త గ్రాఫ్‌లోకి రాదు. అందుకే పరిశీలన ముగిసిన తేదీతో, అదే లెక్కతో ప్రతి యంత్రానికీ ఒక వరుస కలుపుతాను. మొదట్లో సున్నా వరుస కూడా.

అన్ని యంత్రాలనూ కలిపి ఒకే గీత గీయాలంటే, మధ్యలో కొత్తవి చేరినప్పుడు వాలు దానంతటదే పెరిగి అనవసరంగా టెన్షన్ పెడుతుంది. అప్పుడు ఆర్‌లోనే ఉన్న, సంఘటనలు ఎప్పుడు జరుగుతాయో విశ్లేషించే సర్వైవల్ ప్యాకేజీయే సరైన దారి. ప్రతి యంత్రం పరిశీలనలో ఉన్న కాలాన్ని ముక్కలుగా, ఏ ముక్క ఏ యంత్రానిదో చెప్పే ఐడీతో సహా, ఆ ప్యాకేజీలోని సర్వ్‌ఫిట్ ఫంక్షన్‌కి ఇచ్చి, ప్లాట్‌లో కమ్‌హాజ్ అనే ఆప్షన్ పెడితే సగటున ఒక్కో యంత్రానికి ఎన్ని బ్రేక్‌డౌన్లో వస్తుంది. పట్టిక తయారు చేయడానికి ఓపిక కావాలి, అయినా యంత్రాల సంఖ్య మారే చోట నేను ఇదే గీస్తాను.