అపరిచితుల సలహా: కంప్యూటర్‌కు సరే, ఒంటికి?

ప్రింటర్ మొరాయిస్తే, ఇంటర్నెట్‌లో ముక్కూ మొహం తెలియనివాళ్లు చెప్పిన చిట్కాను నేను ధైర్యంగా పాటిస్తాను. పనిచేసిందో లేదో ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. ఫైళ్లు చెరిపేయమంటే మాత్రం ముందు బ్యాకప్ తీసుకోవాలి.

మందుల దగ్గర అలా కుదరదు. జలుబుకు యాంటీబయాటిక్ వేసుకుంటే తగ్గిపోయిందని ఒకరు రాస్తారు. వాళ్లేమీ అబద్ధం చెప్పడం లేదు. కానీ జలుబు వైరస్ వల్ల వస్తుంది, యాంటీబయాటిక్ వైరస్‌ను ఏమీ చేయలేదు. జలుబు దానంతటదే తగ్గింది, మంచి పేరు మాత్రం యాంటీబయాటిక్‌కు వచ్చింది. చెప్పినవాళ్లు నిజాయితీగా చెప్పారు కాబట్టే మనం తేలిగ్గా నమ్మేస్తాం.

పారాసెటమాల్ సంగతి ఇంకా టెన్షన్ పెడుతుంది. పెద్దవాళ్లకు సాధారణంగా రోజుకు 4 గ్రాములే గరిష్ఠ పరిమితి, కొందరికి అంతకంటే తక్కువే. మోతాదు బాగా మించినా మొదటి 24 గంటల్లో పెద్దగా ఏమీ అనిపించకపోవచ్చు. లివర్ దెబ్బతిన్న సంగతి ఆ తర్వాతే బయటపడుతుంది. పైగా చాలా జలుబు మాత్రల్లోనూ అదే మందు ఉంటుంది, తెలియకుండానే రెండుసార్లు వేసుకుంటాం.

డాక్టర్‌ను ఏం అడగాలో తెలుసుకోవడానికి ఇంటర్నెట్ చూడండి, మోతాదు కోసం వద్దు. మీ బరువు, మీ లివర్ పరిస్థితి, మీరు వాడే మిగతా మందులు ఆ అపరిచితులకు తెలియవు. డాక్టర్ ముందుగా అడిగేవి అవే.