ఆటిజం నిర్ధారణ అయిన వారంలోనే ఏడాది థెరపీ ప్యాకేజీకి సంతకం పెట్టకండి: విజయవాడ, గుంటూరు తల్లిదండ్రులకు హెచ్చరిక

బిడ్డకు ఆటిజం ఉందని డాక్టరు రాసిచ్చిన కాగితం చేతికి వచ్చిన తొలి రోజుల్లో, విజయవాడలో గాని గుంటూరులో గాని ఏ థెరపీ సెంటరు వారైనా ఏడాది ఫీజు మొత్తం ఒకేసారి కట్టమన్నా, చేతిలో డబ్బు లేకపోతే ఈఎంఐ పెట్టిస్తామన్నా, ఆ పూట సంతకం పెట్టకుండా ఇంటికి తిరిగి రండి. మా చెల్లెలి కుటుంబం విజయవాడలోని ఒక సెంటరులో ఎదుర్కొన్న అనుభవాన్ని బట్టి ఈ మాట రాస్తున్నాను. ఫిర్యాదు విచారణలో ఉన్నందున సెంటరు పేరు ఇక్కడ రాయడం లేదు.

మేనల్లుడికి మూడేళ్లు నిండేసరికి, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు, కావలసిన వస్తువును వేలితో చూపకుండా పెద్దవాళ్ల చెయ్యి పట్టుకుని అక్కడికి లాక్కుపోతాడు, అంతకుముందు వచ్చిన నాలుగు మాటలు కూడా పోయాయి. మగపిల్లలకు మాటలు ఆలస్యంగానే వస్తాయని ఇంట్లో పెద్దలు ధైర్యం చెబుతున్నా, మా చెల్లెలు ఊరుకోకుండా ముందు వినికిడిని కొలిచే బేరా పరీక్ష చేయించి, వినికిడి బాగానే ఉందని తేలాక నిపుణులకు చూపించింది. ఆ డాక్టరు ఓపికగా పరీక్షించి, స్పీచ్ థెరపీ, రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ వెంటనే మొదలుపెట్టమని రాశారు. ఎక్కడ మొదలుపెట్టాలో, మంచి సెంటరును ఎలా గుర్తుపట్టాలో చెప్పేవారు మాత్రం ఎవరూ లేరు. రాత్రంతా ఫోనులో వెతుకుతూ ఆమె ఒకచోట తన నంబరు నింపితే, తెల్లవారేసరికి సెంటరు నుంచి ఫోను వచ్చింది.

అక్కడ మాతో మాట్లాడిన వ్యక్తి తనను కౌన్సెలర్‌గా పరిచయం చేసుకున్నారు. పిల్లవాడిని కాసేపు చూసి, ఇది అసలు ఆటిజం కాదు, ఫోను ఎక్కువగా చూడడం వల్ల వచ్చిన 'వర్చువల్ ఆటిజం' అనీ, ఆరు నెలల్లో మామూలు పిల్లవాడై బడికి వెళతాడనీ అన్నారు. ఆ మాట తల్లిదండ్రులకు ఎంత తీపిగా వినబడుతుందో వేరే చెప్పనక్కర లేదు. చిన్నపిల్లలకు ఫోను తగ్గించడం మంచిదే, కానీ డాక్టర్లు ఆటిజాన్ని నిర్ధారించడానికి వాడే డీఎస్ఎం-5 అనే ప్రామాణిక గ్రంథంలో అటువంటి పేరుతో రోగనిర్ధారణ ఏదీ లేదు. పైగా, నోటితో ఇచ్చిన ఆ ఆరు నెలల హామీ ఒప్పంద పత్రంలో ఎక్కడా కనబడదు. ఫలితం బిడ్డను బట్టి ఉంటుందనీ, కట్టిన సొమ్ము ఏ పరిస్థితిలోనూ తిరిగి ఇవ్వబడదనీ మాత్రం అందులో స్పష్టంగా అచ్చయి ఉంది.

అసలు చిక్కు ఈఎంఐలో ఉంది. వడ్డీ లేని వాయిదాలని వారు చెప్పేది నిజానికి మీ పేరున ఒక ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే అప్పు. ఆ కంపెనీ సొమ్మును సెంటరుకు ముందుగానే చెల్లించేస్తుంది. మీ బ్యాంకు ఖాతా నుంచి నెలనెలా వాయిదా తెగిపోతుంది. థెరపీ బాగాలేదని మీరు మానేసినా, సెంటరే మూతపడినా, అప్పు మాత్రం మీదే. వాయిదా ఆపితే సిబిల్ స్కోరు పడిపోతుంది. మా చెల్లెలి భర్త విషయంలో లక్షన్నర దాటిన అప్పు ఇలాగే మిగిలింది. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అప్పు ఇచ్చేవారు అసలు, వడ్డీ, ఇతర రుసుములు, ఏడాదికి పడే మొత్తం ఖర్చు చూపే కీలక వివరాల పత్రాన్ని సంతకానికి ముందే ఇవ్వాలి. సెంటరు ఉద్యోగి మీ ఫోను తీసుకుని ఓటీపీలు తానే కొడుతుంటే మాత్రం ఆ పత్రం మీ కంట పడదు.

థెరపీ ఎలా సాగిందో కూడా చెప్పాలి. తలుపు మూసేవారు, తల్లిని లోపలికి రానిచ్చేవారు కాదు. పిల్లవాడు ఒక టీచరుకు అలవాటు పడేలోగా ఆమె మారిపోయి ఇంకొకరు వచ్చేవారు. నెలాఖరు నివేదికలో మావాడు ఒకచోట అమ్మాయి అయిపోయాడు, అంటే వేరే బిడ్డ నివేదికలో పేరు మార్చి మాకు ఇచ్చారన్నమాట. ఈ వయసు పిల్లలకు వారంలో రెండు మూడు గంటల సెషన్ కంటే, అక్కడ చేసినదాన్ని ఇంట్లో తినేటప్పుడు, స్నానం చేయించేటప్పుడు, ఆడించేటప్పుడు కొనసాగించడమే ఎక్కువ మేలు చేస్తుందని తర్వాత మాకు దొరికిన మంచి థెరపిస్టు చెప్పారు. ఆమె చెల్లెలిని పక్కనే కూర్చోబెట్టుకుని నేర్పిస్తున్నారు, ఏ సెషన్‌కు ఆ సెషన్ డబ్బు తీసుకుంటున్నారు. తల్లిదండ్రులను గది బయటే ఉంచే చోటును నేనైతే నమ్మను.

అర్హతల గురించి అడిగినప్పుడు మొదటి సెంటరు వారు గోడకు వేలాడే సర్టిఫికెట్లు చూపించారు. మీరు అడగవలసింది భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) ఇచ్చే నమోదు నంబరు. భారత పునరావాస మండలి చట్టం 1992 ప్రకారం స్పెషల్ ఎడ్యుకేటర్లు, క్లినికల్ సైకాలజిస్టులు, స్పీచ్ థెరపిస్టులు కేంద్ర పునరావాస రిజిస్టరులో నమోదై ఉండాలి. నమోదు లేకుండా ఆ పని చేస్తే ఏడాది వరకు జైలు లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. వెయ్యి రూపాయలకు ఎవరు భయపడతారన్నది వేరే సంగతి. నంబరును మండలి వెబ్‌సైటులో ఎవరైనా సరిచూసుకోవచ్చు. ఆక్యుపేషనల్ థెరపిస్టులు ఈ చట్టం కిందికి రారు కాబట్టి, వారి డిగ్రీ ఏమిటో, ఏ కాలేజీదో విడిగా అడగాలి.

మేము సొమ్ము వాపసు అడగడం మొదలుపెట్టాక సెంటరు వారు ఇంకొక ఆశ చూపించారు: మరో ఊరిలో మూలకణాల (స్టెమ్ సెల్) చికిత్స చేయిస్తే త్వరగా గుణం కనిపిస్తుందట. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), కేంద్ర బయోటెక్నాలజీ విభాగం కలిసి 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం కొన్ని రక్త సంబంధ వ్యాధులు తప్ప మిగిలినవాటికి మూలకణాలను ఆమోదం పొందిన ప్రయోగాల్లోనే వాడాలి, ఆ ప్రయోగంలో పాల్గొనేవారి దగ్గర డబ్బు వసూలు చేయడం తగదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆటిజానికి చీలేషన్ (ఒంట్లోని లోహాలను బయటికి పంపే మందు), హైపర్‌బారిక్ ఆక్సిజన్ (ఎక్కువ పీడనంలో ఆక్సిజన్ పీల్పించడం) వంటివి అమ్మేవారి గురించి ఎప్పుడో హెచ్చరించింది. చీలేషన్ మందు ఎక్కించగా 2005లో అక్కడ ఐదేళ్ల పిల్లవాడు చనిపోయాడు కూడా.

సంతకానికి ముందు వెళ్లదగిన చోట్లు మన దగ్గరే ఉన్నాయి. పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం ప్రభుత్వం నడిపే ఆర్‌బీఎస్‌కే పథకం పరిధిలో ఆటిజం ఉంది. పిల్లల్లో ఎదుగుదల లోపాలను త్వరగా గుర్తించి సాయం చేసే మీ జిల్లా డీఈఐసీ కేంద్రం ఎక్కడ పనిచేస్తోందో ప్రభుత్వ ఆసుపత్రి పిల్లల విభాగంలో అడగండి. మంగళగిరి ఎయిమ్స్‌లో ఓపీ చీటీకి అయ్యేది నామమాత్రపు రుసుమే. సమగ్ర శిక్ష కింద నడిచే భవిత కేంద్రాల్లో ప్రత్యేక అవసరాల పిల్లలకు బోధించే సిబ్బంది ఉంటారు. ఇంకాస్త లోతైన అసెస్‌మెంట్ కావాలంటే సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలో మేధోపరమైన వైకల్యాలున్న వారి కోసం పనిచేసే జాతీయ సంస్థ (ఎన్ఐఈపీఐడీ) ఉంది. వైకల్య ధ్రువీకరణకు దేశమంతటా వాడే నలభై అంశాల 'ఐసా' కొలమానాన్ని తయారు చేసింది ఆ సంస్థే.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం చేరింది గనుక, సదరం సర్టిఫికెట్ (ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం) కోసం గ్రామ లేదా వార్డు సచివాలయంలో స్లాటు తీసుకోవడం మొదటి పనుల్లో ఒకటిగా పెట్టుకోండి. బిడ్డకు ముద్ర పడుతుందని మా ఇంట్లోనూ కొందరు వద్దన్నారు. కానీ ఆ కాగితం ఉంటేనే నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమా వస్తుంది. ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తించే ఆ బీమాలో థెరపీ ఖర్చుకు కూడా కొంత కేటాయింపు ఉంది. పాత పన్ను విధానంలో ఉన్న ఉద్యోగులకు ఆదాయపు పన్ను లెక్కలో 75,000 రూపాయల మినహాయింపు, వైకల్యం తీవ్రమైతే 1,25,000 దొరుకుతుంది.

ఇప్పటికే ఇటువంటి ప్యాకేజీలో ఇరుక్కున్నవారు ముందుగా సెంటరుకూ ఫైనాన్స్ కంపెనీకీ రాతపూర్వకంగా, రిజిస్టర్డ్ పోస్టులో, సేవ నిలిపివేయమని, మిగిలిన సొమ్ము వాపసు ఇమ్మని రాయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపు అయితే రుసుము లేదు, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోగా వేయాలి. ఒకే సెంటరు చేతిలో ఒకే విధంగా నష్టపోయిన కుటుంబాలు కమిషన్ అనుమతితో కలిసి ఒకే ఫిర్యాదు వేసే వీలు కూడా ఉంది కాబట్టి, ఒప్పంద పత్రం, రసీదులు, అప్పు కాగితాలు, సెంటరు వారు పంపిన వాట్సాప్ సందేశాలు, నెలవారీ నివేదికలు ఏవీ పారేయకుండా ఒకచోట పెట్టుకోండి.