నలుగురి ప్రాజెక్టుకు ఏడబ్ల్యూఎస్: మూడు సెమిస్టర్లు వాడాక

బీటెక్ చివరి ఏడాది బ్యాచ్‌లో నలుగురుంటారు, క్లౌడ్ ఖాతా మాత్రం ఒకటే. మూడు సెమిస్టర్ల పాటు ఇలాంటి ప్రాజెక్టులకే ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ సర్వర్లు అద్దెకిచ్చే క్లౌడ్ సర్వీసు) వాడాక నా అభిప్రాయం: సర్వీసుకు వంక పెట్టనక్కర్లేదు. కానీ ఏది నడుస్తోందో నలుగురికీ తెలియకపోతే ఉచితంగా వచ్చే క్రెడిట్లు రెండో రివ్యూ దాకా నిలవవు.

2025 జూలై 15 నుంచి తెరిచే కొత్త ఖాతాకు చేరగానే 100 డాలర్ల క్రెడిట్ వస్తుంది. కన్సోల్‌లో చూపించే చిన్న పనులు పూర్తి చేస్తే ఇంకో 100 దాకా వస్తుంది. ఉచిత ప్లాన్ ఆరు నెలలే, క్రెడిట్లు ముందే అయిపోతే అక్కడికే సరి. అందుకే టైటిల్ ఖరారైన రోజే ఖాతా తెరవొద్దు. కోడ్ ల్యాప్‌టాప్‌లో నడిచాక తెరిస్తే వైవా దాకా హాయిగా సరిపోతుంది. అంతకుముందు తెరిచిన పాత ఖాతాల్లోని నెలకు 750 ఉచిత సర్వర్ గంటల లెక్క కూడా మొత్తం ఖాతాకే, మనిషికి కాదు. ఒక్క మెషీన్ నెలంతా నడిస్తే 744 గంటలు. నలుగురూ తలా ఒకటి పెడితే ఎనిమిదో రోజుకే కోటా ఖాళీ.

రీజియన్ (సర్వర్ ఉండే ప్రాంతం) మొదటి రోజే తేల్చుకోండి. ముంబై మామూలుగానే అందుబాటులో ఉంటుంది. 2022 నవంబరులో మొదలైన హైదరాబాద్ రీజియన్‌ను మాత్రం ఖాతా సెట్టింగుల్లో విడిగా ఎనేబుల్ చేయాలి. ఒకరు ముంబైలో, మరొకరు వర్జీనియాలో సర్వర్ పెడితే ఒకరిది ఇంకొకరికి కనబడదు. "నా సర్వర్ ఎవరో తీసేశారు" అన్న గొడవ వస్తే ముందు కుడివైపు పైనున్న రీజియన్ పేరు చూడండి. ఖాతా మొత్తాన్ని తెరిచే రూట్ పాస్‌వర్డ్ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. తలా ఒక ఐఏఎం యూజర్ (ఖాతా లోపల విడి లాగిన్), దానికి ఎంఎఫ్ఏ (పాస్‌వర్డ్ మీద రెండో తనిఖీ) ఉండాలి. అప్పుడే ఖాతాలో జరిగినవి నమోదు చేసే క్లౌడ్‌ట్రైల్ 90 రోజుల చరిత్రలో ఎవరు ఏం చేశారో పేరుతో సహా దొరుకుతుంది.

టీ3 మైక్రో అనే చిన్న సర్వర్‌కు మెమరీ 1 జీబీ. దాని మీద మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ నడుపుతూ రియాక్ట్ బిల్డ్ కూడా పెడితే టెర్మినల్‌లో "కిల్డ్" అన్న ఒక్క మాట వచ్చి ఆగిపోతుంది. 2 జీబీ స్వాప్ ఫైలు (డిస్క్‌లో కొంత మెమరీలా వాడేది) పెడితే గట్టెక్కుతుంది, కానీ బిల్డ్ ల్యాప్‌టాప్‌లోనే చేసి ఆ ఫోల్డర్‌ను ఫైళ్లు దాచే ఎస్3కి ఎక్కించడం ఇంకా మేలు. ఈ మెషీన్ మీద మోడల్ ట్రైనింగ్ అసలు వద్దు. ఒక్కో వీసీపీయూకి (వర్చువల్ ప్రాసెసర్‌కి) సగటున 10 శాతం వాడకమే దీని లెక్క. టీ3 డిఫాల్టుగా అన్‌లిమిటెడ్ మోడ్‌లో ఉంటుంది కాబట్టి సగటు దాటితే వేగం తగ్గదు, ఛార్జీ పడుతుంది.

సర్వర్‌కు కనెక్ట్ కాకపోతే మెసేజ్ సరిగ్గా చదవండి, సగం పని అక్కడే తేలుతుంది. "టైమ్డ్ ఔట్" అంటే దాదాపు ఎప్పుడూ సర్వర్‌లోకి ఎవరిని రానివ్వాలో చెప్పే సెక్యూరిటీ గ్రూప్‌దే సమస్య. లాగిన్‌కు వాడే 22 పోర్టును "మై ఐపీ"కి ఇచ్చి ఉంటారు, హాస్టల్ వైఫై నుంచి ఫోన్ హాట్‌స్పాట్‌కు మారగానే ఆ ఐపీ మారిపోతుంది. "రిఫ్యూజ్డ్" అంటే దారి తెరిచే ఉంది, లోపల యాప్ నడవడం లేదు, లేదా 127.0.0.1 (ఆ మెషీన్ లోపలి చిరునామా) మీద మాత్రమే వింటోంది.

డబ్బు అసలు పోయేది "ఆపేశాం కదా" అనుకున్న చోట. ఈసీ2 (అద్దె సర్వర్)ను స్టాప్ చేసినా డిస్క్‌కు ఛార్జీ నడుస్తుంది. మళ్లీ స్టార్ట్ చేస్తే పబ్లిక్ ఐపీ మారుతుంది. అలా మారకూడదని ఎలాస్టిక్ ఐపీ తీసుకుంటే, 2024 ఫిబ్రవరి 1 నుంచి పబ్లిక్ ఐపీవీ4 చిరునామాకు గంటకు 0.005 డాలర్, సర్వర్ ఆగి ఉన్నా సరే. ఆర్‌డీఎస్ (అద్దె డేటాబేస్)ను ఆపితే ఏడు రోజులకు దానంతట అదే మళ్లీ లేస్తుంది, సెలవులకు ఇంటికెళ్లే ముందు ఇది గుర్తుంచుకోండి. అన్నిటికంటే పెద్ద ఖర్చు నాట్ గేట్‌వే (ప్రైవేట్ సర్వర్లు ఇంటర్నెట్‌లోకి వెళ్లే దారి). వర్జీనియాలో గంటకు 0.045 డాలర్, అంటే డేటా కదలకపోయినా రోజుకు డాలర్ పైనే. విద్యార్థి ప్రాజెక్టుకు అది అక్కర్లేదు, పబ్లిక్ సబ్‌నెట్‌లో (ఇంటర్నెట్‌కు నేరుగా దారి ఉన్న నెట్‌వర్క్ భాగంలో) సర్వర్ పెట్టి సెక్యూరిటీ గ్రూప్ బిగిస్తే చాలు. బడ్జెట్ అలర్ట్ తప్పకుండా పెట్టి నలుగురి మెయిళ్లూ ఇవ్వండి. అయితే అది చెబుతుందే గానీ ఏదీ ఆపదు, పైగా బిల్లింగ్ సమాచారం కొన్ని గంటలు ఆలస్యంగా వస్తుంది.

ఏడబ్ల్యూఎస్ ఖాతాకు ఇవ్వడానికి బ్యాచ్‌లో ఎవరికీ బ్యాంకు కార్డు లేకపోతే మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజూర్ విద్యార్థి పథకం నయం. కాలేజీ మెయిల్‌తో, కార్డు అడగకుండా 100 డాలర్ల క్రెడిట్ ఇస్తుంది.

వైవా అయిన సాయంత్రమే నలుగురూ కూర్చుని అన్నీ తీసేయండి. ముందు నాట్ గేట్‌వే ఉంటే అది, ఆ తర్వాత ఈసీ2 టర్మినేట్, విడిపడిన ఎలాస్టిక్ ఐపీ రిలీజ్. ఆర్‌డీఎస్ తీసేటప్పుడు చివరి స్నాప్‌షాట్ (డేటా కాపీ) ఉంచితే దానికీ ఛార్జీ పడవచ్చు. ఎస్3 బకెట్ (ఫైళ్లు ఉండే చోటు) ఖాళీ చేయనిదే పోదు, వర్షనింగ్ ఆన్ చేసి ఉంటే పాత వర్షన్లూ తుడవాలి. వాడిన ప్రతి రీజియన్‌లోనూ ఇదే వరుస.